యానాం వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం

కాకినాడలో ఉండే మా బావ వాట్సాప్‌లో ప్లాన్ పెట్టాడు. పొద్దున్నే ఆరింటికి కారులో బయల్దేరాలి. రామచంద్రపురం పక్కన మా పాత ఊరు, తర్వాత ద్రాక్షారామం గుడి, పదకొండుకల్లా యానాం. భోజనం అక్కడే. "ట్యాంకు ఫుల్ చేయించుకుని, సాయంత్రానికి వచ్చేద్దాం" అని రాసి, పక్కన కన్ను కొట్టే బొమ్మ ఒకటి పెట్టాడు. ఆ బొమ్మకి అర్థం గోదావరి జిల్లాల వాళ్ళకి విడమరచి చెప్పక్కర్లేదు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం. పన్నులు వేరు. అక్కడ పెట్రోలు చవక, మందు ఇంకా చవక. ముప్పై చదరపు కిలోమీటర్ల ఆ ముక్కకీ మనకీ మధ్య ఇప్పుడు మిగిలిన సరిహద్దు అంతే, ధరల పట్టికలో తేడా.

నేను వెళ్దామన్నది అందుకు కాదు. మా తాతమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. 1934లో, మాఘమాసంలో. అప్పటికి ఆవిడకి ఎనిమిదేళ్ళు. అదే రోజు, అదే పందిట్లో ఆవిడ అక్కకి కూడా పెళ్ళయింది. అక్కకి పదకొండు. ఇద్దరు పిల్లల్నీ ముందు రోజు రాత్రి ఎడ్లబండిలో పడుకోబెట్టి తీసుకెళ్ళారు. ముహూర్తం అయ్యాక, సాయంత్రం చల్లబడ్డాక అదే బండిలో వెనక్కి తెచ్చారు. అంటే మా ఇంట్లో యానాం వెళ్ళి సాయంత్రానికి తిరుగుప్రయాణం కట్టడం బావతో మొదలు కాలేదు.

చిన్నప్పుడు తాతమ్మ ఈ కథ చెబుతుంటే నాకు పిక్నిక్‌లా వినిపించేది. ఆవిడకి గుర్తున్నవి మూడే: బండిలో కింద పరిచిన గడ్డి గుచ్చుకోవడం, పెళ్ళిలో నిద్రొస్తుంటే ఎవరో మొహాన నీళ్ళు చల్లడం, ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పోలీసు. "మన పోలీసు కాదే, పరాసు వాళ్ళ పోలీసు" అనేది. పరాసు అంటే ఫ్రెంచి అని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. పెళ్ళికి వేరే దేశం ఎందుకెళ్ళారని అడగాలన్న ఊహ కూడా రాలేదు. ఆవిడ 2011లో పోయింది. అడగాల్సినవన్నీ ఆ తర్వాతే తోచాయి.

అసలు అక్కడ వేరే దేశం ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

ఫ్రెంచి వాళ్ళు గౌతమి ఒడ్డున యానాంలో 1720ల్లో దిగారు. కావాల్సింది బట్ట. ఈ చుట్టుపక్కల నేతగాళ్ళు నేసే సన్న బట్టకి ఐరోపాలో గిరాకీ. కూతవేటు దూరంలోనే ఇంజరంలో ఇంగ్లీషు కంపెనీ ఫ్యాక్టరీ ఉండేది. ఒకే మగ్గాల కోసం ఇద్దరు షావుకార్లు. ఐరోపాలో వాళ్ళిద్దరికీ యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషు వాళ్ళు వచ్చి యానాం పట్టుకునేవాళ్ళు. సంధి కుదిరాక తిరిగి ఇచ్చేవాళ్ళు. నెపోలియన్ ఓడాక, 1814 పారిస్ ఒప్పందం ప్రకారం ఫ్రాన్సుకి భారతదేశంలో ఐదు ముక్కలు మిగిలాయి. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్, యానాం. కోటలు కట్టకూడదు, పోలీసుకి మించి సైన్యం పెట్టకూడదు. ఇక ఆ తర్వాత నూట నలభై ఏళ్ళపాటు గోదావరి జిల్లా మధ్యలో, రాజధాని పుదుచ్చేరికి దాదాపు 870 కిలోమీటర్ల దూరాన, తెలుగు మాట్లాడే ఒక చిన్న ఫ్రాన్సు ఉండిపోయింది.

అక్కడ మగవాళ్ళకి 1871 నుంచే పారిస్ పార్లమెంటుకి ఓటు ఉంది. అప్పటికి రాజమండ్రిలో ఎంత పెద్ద వకీలుకైనా అలాంటి ఓటు లేదు. స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని కాగితాల మీద రాసుకునే రాజ్యం. మరి చిన్నపిల్లల పెళ్ళిళ్ళు బ్రిటిష్ వాళ్ళ దగ్గర నేరమై, ఈ రాజ్యంలో ఎలా చెల్లాయి?

దీనికి జవాబు 1819లో ఉంది. ఆ ఏడాది జనవరిలో ఫ్రెంచి వాళ్ళు తమ భారత స్థావరాలకి ఒక నియమం పెట్టారు. ఇక్కడి జనం పెళ్ళి, వారసత్వం లాంటి విషయాలు వాళ్ళ వాళ్ళ కులాచారాల ప్రకారమే నడుస్తాయి, ప్రభుత్వం కల్పించుకోదు అని. 1881లో ఇంకో డిక్రీ వచ్చింది. ఎవరైనా కావాలనుకుంటే తమ ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ కోడ్ కిందికి రావచ్చు. అలా వచ్చిన వాళ్ళని రెనోన్సాంట్‌లు అన్నారు, అంటే వదులుకున్నవాళ్ళు. ఫ్రెంచి సివిల్ కోడ్‌లో ఆడపిల్ల పెళ్ళికి కనీస వయసు 15, మగపిల్లాడికి 18. అంటే ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, వదులుకున్నవాళ్ళ అమ్మాయికి పదిహేనేళ్ళు నిండాలి. పక్కింటి హిందువుల అమ్మాయికి ఏ వయసూ అక్కర్లేదు. రిపబ్లిక్ ఇద్దరినీ గౌరవించాననే అనుకుంది. ఒకరికి కోడ్ ఇచ్చి, ఇంకొకరిని ఆచారానికి వదిలేసి.

ఇటువైపు కథ వేరేగా నడిచింది. అజ్మీరుకి చెందిన హరవిలాస్ శార్దా 1927లో బాల్యవివాహాల మీద కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టాడు. మోరోపంత్ జోషీ అధ్యక్షతన ఒక కమిటీ దేశమంతా తిరిగి సాక్ష్యాలు తీసుకుంది. 1929లో చట్టం పాసయింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18. మనవాళ్ళు ఆయన ఇంటిపేరుని శారదా చేసేసి, దాన్ని శారదా చట్టం అన్నారు. చదువుల తల్లి పేరే పెట్టినట్టయింది.

ఈ చట్టంలో రెండు మూడు సంగతులు గమనించాలి. ఒకటి, పాసైంది 1929 శరత్తులో, అమలు 1930 ఏప్రిల్ 1 నుంచి. మధ్యలో ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో దేశమంతా తోసుకుంటూ పెళ్ళిళ్ళు చేసేశారు. 1931 జనాభా లెక్కల్లో పదిహేనేళ్ళ లోపు పెళ్ళైన ఆడపిల్లల సంఖ్య పదేళ్ళ కిందటి కంటే తగ్గకపోగా బాగా పెరిగి కనిపించింది. రెండు, చట్టం పెళ్ళి చేసినవాళ్ళని శిక్షించింది గానీ పెళ్ళిని రద్దు చెయ్యలేదు. తండ్రికో పురోహితుడికో ఒక నెల సాధారణ ఖైదు, వెయ్యి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తాళి మాత్రం తాళే. మూడు, పోలీసులు తమంతట తాము వచ్చి పట్టుకోరు. ఎవరో ఒకరు ఏడాది లోపు కోర్టుకెళ్ళి ఫిర్యాదు చెయ్యాలి. ఫిర్యాదు చేసినవాడు వంద రూపాయల దాకా హామీ కట్టాల్సి రావచ్చు.

చాలామంది చరిత్రకారులు ఈ చట్టం కోరల్లేనిదని రాశారు. నిజమే. మరి అంత బలహీనమైన చట్టానికి మా ముత్తాతలు ఎందుకు భయపడ్డారు? బండి కట్టి, పురోహితుణ్ణీ వంటవాళ్ళనీ మగపెళ్ళివారినీ వేసుకుని, రాత్రంతా ప్రయాణం ఎందుకు చేశారు?

నాకు ఇది చాలాకాలం అర్థం కాలేదు. అమ్మమ్మే ఒకసారి యథాలాపంగా చెప్పింది. "మా తాతకి సర్కారంటే భయమేమీ లేదే. దాయాదులంటే భయం." పొలం గట్టు తగాదా నడుస్తోందిట. వంద రూపాయలు హామీ కట్టి కోర్టుకి వెళ్ళగల పాలివాళ్ళు పక్కింట్లోనే ఉన్నారు. వాళ్ళకి బాల్యవివాహాల మీద వ్యతిరేకతేమీ లేదు, వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళూ అలాగే చేశారు. కానీ చేతికి కర్ర దొరికింది. సంస్కరణ చట్టం మా ఊరికి చేరేసరికి దాయాదుల చేతికర్ర అయింది. ఆ కర్ర అందని చోటికి వెళ్ళాలి. ఆ చోటు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంది.

చట్టం బ్రిటిష్ ఇండియాకే వర్తిస్తుంది. ఫ్రెంచి గడ్డ మీద తాళి కడితే బ్రిటిష్ ఇండియాలో నేరం జరగనట్టే. తిరిగొచ్చాక ఆ పెళ్ళి చెల్లుతుంది. ఇంతకంటే సుళువు ఏముంది? శారదా చట్టం తర్వాత చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళి బృందాలు యానాంకి వరస కట్టాయి. ఆ ఊరికి కల్యాణపురం అన్న పేరు అందుకే నిలిచింది. ఆ పేరు విన్నప్పుడల్లా పూలూ సన్నాయీ గుర్తొస్తాయి. నాకిప్పుడు బండిలో గడ్డి మీద పడుకున్న ఇద్దరు పిల్లలు కూడా గుర్తొస్తారు.

మా ఇళ్ళల్లో పెళ్ళంటే ఐదు రోజులు. యానాంలో మాత్రం ఒక్క పూట. కన్యాదానం, మంగళసూత్రం, తలంబ్రాలు అక్కడ కానిచ్చేసి, మిగిలిన తంతు ఇంటికొచ్చి తీరిగ్గా చేసుకున్నారట. ఏ ముక్క నేరమో ఆ ముక్క ఒక్కటీ సరిహద్దు అవతల. మిగతా సంబరమంతా ఇవతల. చట్టాన్ని మా వాళ్ళు ఎంత శ్రద్ధగా చదివారో చూడండి.

చట్టాన్ని తప్పించుకోవడానికి సరిహద్దు దాటి పెళ్ళి చేసుకోవడం మనవాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. ఇంగ్లండులో 1754 నుంచి అమల్లోకి వచ్చిన హార్డ్‌విక్ చట్టం ప్రకారం ఇరవై ఒక్కేళ్ళ లోపు వాళ్ళు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెళ్ళాడకూడదు. పక్కనే ఉన్న స్కాట్లండులో ఆ నియమం లేదు. ఇద్దరు సాక్షుల ముందు మాట ఇచ్చుకుంటే చాలు. దాంతో ప్రేమికులు గుర్రబ్బళ్ళెక్కి సరిహద్దు దాటగానే వచ్చే గ్రెట్నా గ్రీన్ అనే పల్లెకి పారిపోయేవాళ్ళు. అక్కడ కమ్మరి కొలిమి దగ్గర పెళ్ళిళ్ళు జరిగేవి. 1856లో మూడు వారాలు స్కాట్లండులో నివాసం ఉండాలని నియమం పెట్టి దానికి అడ్డుకట్ట వేశారు. వెనకాల తండ్రులు తరుముకొస్తుంటే పిల్లలు సరిహద్దు వైపు పరిగెత్తడం గ్రెట్నా గ్రీన్ కథ. యానాం కథలో తండ్రులే పిల్లల్ని ఎత్తుకుని సరిహద్దు దాటించారు. ఒకచోట గీత దాటితే ఇష్టం గెలిచింది. ఇంకోచోట గీత దాటితే, ఇష్టం అనే మాట తెలియని వయసులో బతుకు నిర్ణయమైపోయింది. సరిహద్దుకి సొంత గుణమంటూ లేదు. బండి ఎవరు తోలుతున్నారన్నదే లెక్క.

ఇంకో సంగతి. తెల్లవాళ్ళు మనకి నాగరికత నేర్పడానికి ఈ చట్టం తెచ్చారని అనుకునేవాళ్ళకోసం. ఇంగ్లండులో కూడా 1929 దాకా పెళ్ళికి చట్టపరమైన కనీస వయసు అమ్మాయికి 12, అబ్బాయికి 14. దాన్ని 16కి పెంచింది సరిగ్గా శారదా చట్టం వచ్చిన ఏడాదే.

మళ్ళీ మా బండి దగ్గరికి వస్తాను. తాతమ్మ అక్కని మా ఇంట్లో అందరూ దొడ్డమ్మ అనేవాళ్ళు. అమ్మమ్మకి దొడ్డమ్మ, అందుకని అమ్మకీ దొడ్డమ్మే, అందుకని నాకూ. పెళ్ళైన మూడేళ్ళకి, ఇంకా కాపురానికి వెళ్ళకముందే, ఆవిడ భర్త టైఫాయిడ్‌తో పోయాడు. అది 1937. అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. శారదా చట్టం ఆడపిల్లకి పెళ్ళి చెయ్యొచ్చని చెప్పిన వయసు. ఆ వయసుకి ఆవిడ పెళ్ళి అయిపోయింది, ముగిసిపోయింది కూడా. జుట్టు తీయించారు. 1981లో పోయేదాకా ఆ ఇంట్లోనే ఉంది. చెల్లెలి పిల్లల్ని పెంచింది. వత్తులు చేసింది. ఊరు దాటి వెళ్ళిన ఒకే ఒక్క పెద్ద ప్రయాణం యానాం అని అమ్మ అంటుంది.

మ్యాప్ తెరిచి చూస్తే నన్ను కలవరపెట్టేది ఇది. మా ఊరి నుంచి తూర్పుకి వెళ్తే యానాం, పాతిక ముప్పై కిలోమీటర్లు. వాయవ్యానికి వెళ్తే రాజమండ్రి, సుమారు నలభై. వితంతువుల పునర్వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించింది ఆ రాజమండ్రిలోనే. దొడ్డమ్మ జుట్టు తీయించిన నాటికి దానికి యాభై ఆరేళ్ళు. గురజాడ వారు కన్యాశుల్కం ఇంగ్లీషు ముందుమాటలో విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 శుల్క వివాహాల లెక్క ఇచ్చి అప్పటికి నలభై ఏళ్ళు. మా ముత్తాత చదువుకున్నవాడు. ఇవేవీ తెలియక కాదు. ఒక చట్టాన్ని తప్పించుకోవడానికి తూర్పుకి బండి కట్టినవాళ్ళు, ఇంకో చట్టాన్ని వాడుకోవడానికి వాయవ్యానికి బండి కట్టలేదు. రెండు దార్లూ తెరిచే ఉన్నాయి. దూరం దాదాపు ఒకటే.

యానాం కిటికీ కూడా ఎక్కువ కాలం తెరిచి లేదు. 1938లో శారదా చట్టాన్ని సవరించి, బ్రిటిష్ ప్రజలు బ్రిటిష్ ఇండియా బయట చేసుకున్న పెళ్ళిళ్ళకి కూడా వర్తించేలా చేశారు. తాతమ్మ పెళ్ళి ఇంకో నాలుగేళ్ళు ఆగి ఉంటే ఆవిడకి పన్నెండు, దొడ్డమ్మకి పదిహేను. ఆగలేదు.

యానాం సరిహద్దు 1954 దాకా ఉంది. ఆ ఏడాది జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో జనం యానాంని చేజిక్కించుకున్నారు. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాలన్నిటి పాలన భారత ప్రభుత్వానికి వచ్చింది. కాగితాల మీద పూర్తి బదిలీ మాత్రం 1962 ఆగస్టు 16న. సరిహద్దు పోయినా దాని ఆనవాలు చట్టాల్లో మిగిలింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం మొదటి సెక్షన్‌లోనే ఒక మాట ఉంటుంది. ఈ చట్టం పుదుచ్చేరి రెనోన్సాంట్‌లకు వర్తించదు అని. వాళ్ళకి ఫ్రెంచి కోడ్ ఉంది కాబట్టి. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు తాతమ్మ చెప్పిన ఎర్ర టోపీ పోలీసు ఇంకా గేటు దగ్గరే నిలబడి ఉన్నట్టు అనిపించింది.

వెళ్ళాం. బావ, నేను, అమ్మ. అమ్మ వస్తానంటుందని అనుకోలేదు. "ఆ ఊరెందుకే ఇప్పుడు" అని వారం రోజులు అని, పొద్దున్నే ఐదింటికే చీర కట్టుకుని కూర్చుంది. పాత ఊళ్ళో ఇల్లు లేదు, రెండంతస్తుల కొత్త మేడ ఉంది. ద్రాక్షారామంలో దర్శనం త్వరగానే అయింది. అక్కణ్ణుంచి కాలవ గట్లు, వరి చేలు, కొబ్బరి చెట్లు. నేను ఫోన్లో నీలం చుక్కనే చూస్తూ కూర్చున్నాను, గీత ఎప్పుడొస్తుందా అని. గీత దాటిన క్షణం నాకు తెలియలేదు. బండి నంబర్లు మారాయి, మందు షాపుల బోర్డులు పెరిగాయి. అప్పటికే యానాంలో ఉన్నాం. రాత్రంతా పట్టిన ప్రయాణం మాకు గంట కూడా పట్టలేదు.

పాత చర్చి చూశాం. ఈఫిల్ టవర్‌ని తలపించేలా కట్టిన టవర్ చూశాం. గౌతమి ఒడ్డున కూర్చున్నాం. అవతల ఎదుర్లంక, బాలయోగి వారధి మీద లారీలు. పెళ్ళి ఎక్కడ జరిగిందో మాకు తెలియదు. తెలుసుకునే వీలూ లేదు. ఎవరో పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే ఇల్లు అని మాత్రం తాతమ్మ అనేది.

అక్కడ కూర్చున్నప్పుడు అమ్మని అడిగాను, దొడ్డమ్మ అసలు పేరేమిటని. మా మావయ్య ఎక్సెల్‌లో చేసి అందరికీ పంపిన వంశవృక్షంలో ఆవిడ లేదు. సంతానం ఉన్నవాళ్ళనే ఎక్కించాడు, పాపం ఆయన తప్పు కాదు, వంశవృక్షమంటే మనకి అదే. అమ్మ తడుముకోకుండా చెప్పింది. చిన్నప్పుడు కిరసనాయిలు తేవడానికి రేషన్ కార్డు పట్టుకెళ్ళేదిట. అందులో ఆ పేరు మూడో లైన్లో ఉండేదిట.

తిరిగొచ్చేటప్పుడు బావ ట్యాంకు నింపించాడు. సీసాలేమీ కొనలేదు. అమ్మ పక్కనుంది కదా. ఆ రాత్రి మావయ్య ఎక్సెల్ తెరిచి తాతమ్మ పైన కొత్తగా ఒక వరస పెట్టాను. పేరు, పుట్టిన సంవత్సరం 1923, పోయిన సంవత్సరం 1981. వివాహం అన్న గడి దగ్గర కాసేపు ఆగి, 1934 అని రాశాను. స్థలం గడిలో: యానాం, ఫ్రెంచి ఇండియా. పిల్లలు అన్న గడి ఖాళీగా ఉంచబోయి, తాతమ్మ నలుగురు పిల్లల పేర్లూ రాశాను. పెంచింది ఆవిడే.